సోనా–మోనా ప్లేటు రెండో వైపు

డార్మ్‌స్టాట్
17 జనవరి 2021

పెద్దమ్మమ్మకు,

మనవరాలు అనూహ్య నమస్కారాలు. ఫోన్ చేస్తే మీకు అసలేమీ వినపడదని విక్రాంత్ మామయ్య చెప్పారు. అందుకే ఈ ఉత్తరం. బళ్లో సెలవు చీటీలు తప్ప తెలుగులో ఉత్తరమన్నది ఎప్పుడూ రాయలేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

ఇక్కడ క్లాసులన్నీ ఆన్‌లైనే. యూనివర్సిటీ మొహం చూసి ఎన్నాళ్లయిందో. నేను, కాతరీనా అనే జర్మన్ అమ్మాయి ఒకే ఫ్లాట్‌లో ఉంటున్నాం. లాక్‌డౌన్‌లో జనానికి పనేమీ లేక ఇళ్లు సర్దుకుంటున్నారు. అక్కర్లేనివన్నీ అట్టపెట్టెల్లో వేసి, "కావాలంటే తీసుకెళ్లండి" అని రాసి వాకిట్లో పెడుతున్నారు. మొన్న కూరగాయలకు వెళ్లి వస్తుంటే అలాంటి పెట్టెలో ఒక పాత ఎల్పీ రికార్డు కనిపించింది. అట్ట మీద వెండి జరీ చీరలు కట్టుకుని, చెవులకు గాజులంత రింగులు పెట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు. కింద జర్మన్‌లో "సోనా ఉండ్ మోనా", అంటే "సోనా, మోనా", 1976 అని ఉంది.

ఎడమవైపున్నది మా అమ్మమ్మ!

ఫొటో తీసేటప్పుడు కళ్లు సగం మూసేస్తుంది కదా, అచ్చం అలాగే ఉంది. పక్కన మీరు. నేను ఫుట్‌పాత్ మీదే కూర్చుండిపోయాను. మీ కాన్పుకు సాయంగా అమ్మమ్మ కొన్నాళ్లు జర్మనీలో ఉండి వచ్చిందని తప్ప మా ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. భజనకు పిలిచినా "నాకు గొంతు లేదు" అంటుంది మా అమ్మమ్మ. ఆవిడ ఎల్పీ ఎప్పుడు పాడింది? మీరిద్దరూ ఏం పాడేవారు? అన్నీ రాయండి.

మీ
అనూహ్య

*

బ్యోబ్లింగెన్
26 జనవరి 2021

చి. అనూహ్యకు,

పెద్దమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ, కిటికీలో కరివేపాకు మొక్కా బాగానే ఉన్నాం. దానికి ఎండ లేదు, నాకు చెవులు లేవు. మిగతాదంతా కులాసా.

తెలుగు బాగానే రాశావు. మా విక్రాంత్ కంటే నువ్వే నయం, వాడు "అమ్మ" అని కూడా జర్మన్ అక్షరాల్లోనే రాస్తాడు.

మా సంగతి అడిగావు. విక్రాంత్ పుట్టినప్పుడు మీ అమ్మమ్మ, మా మంగ, వచ్చింది. అప్పటికి దానికి పద్దెనిమిది నిండలేదు. మా ఊరి కొండమీద అమెరికన్ సైనికుల బ్యారక్స్ ఉండేవి, వాళ్లకో క్లబ్బు. మీ పెద్దతాతయ్య, అంటే మా ఆయన భాస్కర్ రావు గారి ఆఫీసువాళ్లు ఒక క్రిస్మస్‌కు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. పియానో వాయించే నల్లజాతి సైనికుడు ఒకాయన, "మీ దేశం పాట పాడండి" అన్నాడు. మేము బతుకమ్మ పాట ఎత్తుకున్నాం. నేను పాడితే మంగ అందుకునేది, మా అవ్వ, అంటే మా అమ్మ, దగ్గర నేర్చిన పద్ధతి అదే. ఆయన చేతులు ఆపేసి విన్నాడు. తర్వాత ఆయనే మాకు సోల్ అనే వాళ్ల జాతి పాటలు నేర్పాడు. "గొంతుతో కాదు, కడుపుతో పాడండి" అనేవాడు. మంగకు అది నేర్పాల్సిన పనే లేకపోయింది.

సోనా, మోనా అన్న పేర్లు రికార్డు కంపెనీవాళ్లవి. సుభద్ర అనడం వాళ్లకు చేతకాలేదు. మొదటి రికార్డు బాగా అమ్ముడుపోయింది, టీవీలో కూడా పాడాం. నీకు దొరికింది రెండోది. దాన్ని ఎవరూ కొనలేదు. కొనకపోవడమే మంచిదైంది.

మొదటి వైపు విను. రెండో వైపు వినకు. ఇంకో మాట, రికార్డు దొరికిందని మంగకు చెప్పకు. క్లబ్బుల్లో పాడిన సంగతి తలుచుకుంటేనే దానికి సిగ్గు. హనుమకొండలో పరువుగా బతుకుతున్నది.

వేడినీళ్లు తాగుతూ ఉండు.

ఆశీస్సులతో
సుభద్ర

*

డార్మ్‌స్టాట్
14 ఫిబ్రవరి 2021

పెద్దమ్మమ్మకు నమస్కారాలు.

మీ ఉత్తరం రాకముందే రెండు పనులూ చేసేశాను. ఏమీ అనుకోకండి.

అమ్మమ్మకు వీడియో కాల్‌లో అట్ట చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూసింది. తర్వాత, "ఆ ప్లేటు ఎక్కడ దొరికిందో అక్కడనే పెట్టి రా బిడ్డా. ఇంట్ల ఉంచుకోకు" అని కట్ చేసింది. మీరన్నట్టు సిగ్గే అనుకుంటాను. కానీ సిగ్గుపడాల్సిందేముంది?

కాతరీనా వాళ్ల నాన్నది పాత రికార్డ్ ప్లేయర్ ఉంది. దానిమీద రెండు వైపులూ విన్నాం. మొదటి వైపు పాటలకు వంటింట్లో డాన్స్ కూడా చేశాం. రెండో వైపు పెట్టాక మాత్రం ఇద్దరం నిలబడ్డచోటే ఉండిపోయాం. పాట ఒక్కటే, అటు చివరి దాకా. మాటలు లేవు. రెండు గొంతులు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు, ఒకటి పైకి లేస్తుంటే ఇంకోటి కిందికి జారుతూ, వెనక ఆర్గన్ వాద్యం. ఆ రోజుల్లో ఎవరు చేశారు ఇలాంటి ప్రయోగం! నేనొక చిన్న ముక్క ఇంటర్‌నెట్‌లో పెట్టాను. వందలమంది విన్నారు. పాత రికార్డులు మళ్లీ అచ్చువేసే ఒక చిన్న కంపెనీ నుంచి మెయిల్ కూడా వచ్చింది. "ఈ దేశపు ప్రయోగాత్మక సంగీతంలో మరుగునపడ్డ రత్నం" అని రాశారు. మీరిద్దరూ ఒప్పుకుంటే మళ్లీ విడుదల చేస్తారట, ఈసారి మీ సొంత పేర్లతో. మిమ్మల్ని ఒప్పిస్తానని మాట ఇచ్చేశాను.

పెద్దమ్మమ్మా, ఇంత గొప్ప పని చేసి ఎందుకు దాచుకున్నారు?

మీ
అనూహ్య

*

బ్యోబ్లింగెన్
3 మార్చి 2021

అనూహ్యకు,

నీ ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాయబుద్ధి కాలేదు.

దాన్ని ప్రయోగం అనకు. రత్నమూ అనకు. వందలమంది విన్నారని సంబరపడుతున్నావు. ఎవరిని అడిగి వినిపించావు? నిన్ను ఆ కంపెనీవాళ్లే పంపించారా, లేక నువ్వే వాళ్ల దగ్గరికి వెళ్లావా? పెట్టెలో దొరికిందన్నంత మాత్రాన అది నీదైపోదు.

నేను ఒప్పుకోను. నేను ఒప్పుకున్నా మంగ ఒప్పుకోదు. పెళ్లికని వెళ్లిపోయాక ఆ రికార్డు గురించి నాతో ఒక్కసారి కూడా మాట్లాడలేదది. పండగకు ఫోన్ చేస్తే, "బాగున్నవా అక్కా, బాగున్న" అనేది, అంతే. ఇప్పుడు నాకు ఆ రెండు ముక్కలూ కూడా వినపడవు. అక్కతో కలిసి తిరిగిన రోజులంటే దానికి అంత సిగ్గయితే నేను మాత్రం ఏం చేయను?

టీకాకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికింది. విక్రాంత్ ఉంటర్‌ఫ్యోరింగ్ నుంచి వచ్చి తీసుకెళతాడు.

సుభద్ర

*

డార్మ్‌స్టాట్
11 ఏప్రిల్ 2021

పెద్దమ్మమ్మకు,

నన్ను క్షమించండి. ఇంటర్‌నెట్‌లో పెట్టింది తీసేశాను. నన్నెవరూ పంపలేదు, ఆ మాటకు రెండు రోజులు ఏడ్చాను. అయినా కోపంతో రాయడం లేదు. ఏం జరిగిందో చెప్పాలి.

పోయిన శనివారం కాతరీనా రికార్డ్ ప్లేయర్ తుడుస్తుంటే వేగం మార్చే మీట జరిగింది. నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరగాల్సింది నలభై అయిదుకు వెళ్లింది. మేము చూసుకోలేదు. రెండో వైపు మొదలైంది. ఆర్గన్ కీచుగా, పిల్లల బొమ్మ మోగినట్టుంది. కాతరీనా నవ్వింది. నేనూ నవ్వబోయాను. ఇంతలో గొంతులు వచ్చాయి. ఈసారి నీళ్ల అడుగు నుంచి కాదు, పక్క గదిలోంచి.

"మేము రాకముందే పోతివా అవ్వా... కట్టిన చీర దండెం మీదనే ఉన్నదే అవ్వా... ఎవ్వరు పిలిచిండ్రని ఎల్లిపోతివే..."

అందులో ఒకటి అమ్మమ్మ గొంతు. "ఏమంటున్నారు?" అని కాతరీనా అడిగింది. మీట ముట్టుకోవద్దని సైగ చేశాను.

అమ్మమ్మకు ఫోన్ చేసి, విన్నానని చెప్పాను. ఈసారి కట్ చేయలేదు. 1975 చలికాలంలో మీ అవ్వ పోయారని, టెలిగ్రామ్ వచ్చేసరికి అక్కడ అంతా అయిపోయిందని చెప్పింది. "బిడ్డ చిన్నోడు, చుట్టుపక్కల ఎవ్వరికీ మనమెవ్వరో తెల్వదు. ఇంట్ల ఏడ్వలేదు. తెల్లారి స్టూడియోకు పోతే డాన్సు పాట పాడుమన్నరు. అక్క నోరు తెరిచింది. పాట రాలే, శోకం వచ్చింది. నేను అందుకున్న" అంది.

నేను అడిగాను, మరి అది సిగ్గెందుకని.

"సిగ్గెక్కడిది బిడ్డా! అవ్వ కోసం పెట్టిన శోకం అది. దాన్ని ప్లేటు చేసి దుకాణంల పెడ్తరా? సావులేని ఇంట్ల శోకం వినబడొద్దంటరు. అది ఎన్ని ఇండ్లల్ల మోగిందో. అక్క ఎట్ల ఒప్పుకున్నదో నాకు సమజ్ కాలే. అడుగుదామంటే నోరు రాలే. అక్క కదా."

ఇన్నేళ్లూ ఆవిడ మిమ్మల్ని చూసి సిగ్గుపడలేదు పెద్దమ్మమ్మా. మీరు అవ్వ శోకాన్ని అమ్మేశారనుకుంది.

ఇప్పుడైనా అడగమంది. అందుకే అడుగుతున్నాను.

అనూహ్య

*

బ్యోబ్లింగెన్
17 ఏప్రిల్ 2021

నా బంగారు బిడ్డకు,

ముందు నువ్వు నన్ను మన్నించు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మేశాననుకుందా! కూర్చుని చాలాసేపు నవ్వాను, ఎందుకో తెలియదు. తర్వాత ఇది రాస్తున్నాను. దీన్ని ఒక్క ముక్క కూడా వదలకుండా మంగకు చదివి వినిపించు.

చెల్లే, నేను ఒప్పుకోలేదు. ఆ రోజు మనం ఏడుస్తుంటే సౌండ్ ఇంజనీరు టేపు ఆపలేదు. మనిద్దరికీ ఆ సంగతి తెలియదు. కంపెనీవాళ్లకు రెండో వైపు నింపడానికి పాటలు చాలలేదు. మనం ముందే సంతకాలు పెట్టిన ఒప్పందంలో, స్టూడియోలో పాడిందంతా వాళ్లదేనని రాసి ఉంది. మీ బావగారూ నేనూ వెళ్లి పోట్లాడాం. కంపెనీ పెద్దాయన వినలేదు. చివరికి ఆ ఇంజనీరు కుర్రాడి దగ్గరికి వెళ్లాను. "ఇది మా అమ్మ చావు. దీన్ని జనం వినకూడదు" అన్నాను. అతను పాపం తెల్లబోయాడు. ఆపడం తన చేతిలో లేదన్నాడు. అయితే ఎవరికీ అర్థం కాకుండా చేయగలనన్నాడు. టేపును నెమ్మదిగా తిప్పి, దానిమీద ఆర్గన్ మోత పోశాడు. మాటలన్నీ మునిగిపోయాయి. నేను పక్కన నిలబడి, ఒక్క తెలుగు మాట కూడా తెలియడం లేదని రూఢి చేసుకున్నాకే ఇంటికి వచ్చాను. అవ్వను దాచాననుకున్నాను చెల్లే. నీకు చెప్పకపోవడానికి కారణం ఏమీ లేదు. నువ్వు పెళ్లి కుదిరి వెళ్లిపోయే సందడిలో ఉన్నావు. తర్వాత నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

బిడ్డా, ఇది విన్నాక మంగ ఏమన్నదో, ఎలా అన్నదో రాయి. నవ్విందా, తిట్టిందా? తిడితే ఏ మాట అన్నదో అదే రాయి.

కరివేపాకు కొత్త చిగుళ్లు వేసింది. ఎండలు ముదరగానే ఒకసారి రా, పచ్చిపులుసు చేసి పెడతాను.

నీ పెద్దమ్మమ్మ
సుభద్ర

*

డార్మ్‌స్టాట్
28 ఏప్రిల్ 2021

పెద్దమ్మమ్మా,

ఈ ఉత్తరం అందేలోపు విక్రాంత్ మామయ్య మీ దగ్గరికి వచ్చి చెప్పి ఉంటారు. చెప్పకపోతే, దయచేసి కూర్చుని చదవండి.

అమ్మమ్మ శనివారం పోయింది.

మీ ఉత్తరం నాకు బుధవారం చేరింది. అంతకు ముందురోజే అమ్మమ్మను ఆస్పత్రిలో చేర్చారు. అమ్మకూ నాన్నకూ కూడా పాజిటివ్. లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. అమ్మమ్మ దగ్గర ఫోన్ ఉందని, మీ ఉత్తరం మొత్తం నా గొంతుతో చదివి రికార్డు చేసి పంపాను. "చెల్లే" అని మీరు రాసినచోట మీలాగే అనడానికి ప్రయత్నించాను. మెసేజ్ వెళ్లినట్టు గుర్తు వచ్చింది. విన్నట్టు గుర్తు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఆస్పత్రివాళ్లు అమ్మమ్మ సంచి తిరిగిచ్చారు. ఫోన్ చార్జింగ్ అయిపోయి ఉంది. అమ్మ దాన్ని ఆన్ చేసి చూసింది. నా మెసేజ్ తెరవనే లేదు.

ఇంటికి తీసుకురానివ్వలేదు. మున్సిపాలిటీవాళ్లే తీసుకెళ్లారు. చిన్న మామయ్య ఒక్కడినీ దూరంగా నిలబడనిచ్చారు. అమ్మ వీధి గుమ్మం దగ్గర ఏడవబోతే ఎదురింటివాళ్లు తలుపులు వేసుకున్నారట. "మాస్క్ తియ్యకమ్మా" అని ఎవరో అన్నారట. అమ్మ ఏడుపు మింగేసి లోపలికి వచ్చేసింది.

నేను వెళతానన్నాను. ఇండియా నుంచి వచ్చేవాళ్లను ఇక్కడికి రానివ్వడం మానేశారు. వెళితే మళ్లీ ఎప్పుడు రాగలనో తెలియదు. అమ్మే వద్దంది. "వచ్చి ఎవరిని చూస్తవ్ బిడ్డా" అంది.

పెద్దమ్మమ్మా, ఒక్క రోజు. మీ ఉత్తరం ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే నేనే ఫోన్‌లో చదివేదాన్ని. నా జవాబు నేను త్వరగా రాసి ఉంటే. ఇలా ఆలోచించడం మానలేకపోతున్నాను.

అనూహ్య

*

బ్యోబ్లింగెన్
6 మే 2021

బిడ్డా,

ఆలోచించకు. పోస్టు బండిని తిట్టుకుంటే పోయినవాళ్లు రారు.

విక్రాంత్ ఆదివారం పొద్దున వచ్చాడు. వాడు నోటితో చెబితే నాకు వినపడదు, మాస్కు ఉంటే పెదాలు కనపడవు. ఒక కాగితం మీద రాసి నా ముందు పెట్టాడు. వాడికి తెలుగు రాయడం రాదు కదా. "టాంటె మంగ ఇస్ట్ గెష్టోర్బెన్." మంగ పిన్ని పోయింది. నా చెల్లెలి చావు నాకు జర్మన్‌లో తెలిసింది. ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశాను, వెనకవైపు తెలుగులో ఏమైనా ఉంటుందేమోనని. వాడు నా పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాడు. చిన్నప్పుడు వాడికి స్నానం పోసింది మంగే. ఆ సంగతి వాడికి గుర్తు లేదు. చెప్పాను. "యా, మామా" అన్నాడు, అవునమ్మా అని; పెదాలు చూస్తే తెలిసింది. అప్పటికి మాస్కు తీసేశాడు.

అప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడూ రాలేదు.

ఆ కంపెనీవాళ్లకు ఇలా రాయి: మొదటి వైపు పాటలు కావాలంటే వేసుకోవచ్చు. రెండో వైపు వద్దు. మంగ వద్దన్నది. అది బతికుండగా దాని మాట నా చెవిన పడలేదు. ఇప్పుడు పడింది, దాటను.

రెండు టీకాలూ అయ్యాయి నాకు. నువ్వు టెస్ట్ చేయించుకుని రైల్లో రా. వచ్చేటప్పుడు ఆ రికార్డు తీసుకురా. మీ తాతయ్య ప్లేయర్ ఇంకా పనిచేస్తుంది. చావులేని ఇంట్లో అది మోగకూడదన్నది మంగ. ఇప్పుడు ఈ ఇంట్లో చావు ఉంది.

సుభద్ర

*

డార్మ్‌స్టాట్
25 మే 2021

పెద్దమ్మమ్మకు నమస్కారాలు.

క్షేమంగా చేరాను. మీరు కట్టిచ్చిన పులిహోర మాన్‌హైమ్ రాకముందే అయిపోయింది. కంపెనీ నుంచి జవాబు వచ్చింది. రెండో వైపు లేకపోతే తమకు ఆ రికార్డు అక్కర్లేదట, మర్యాదగానే రాశారు. నాకు బాధ కలగలేదని చెప్పను. కొద్దిగా కలిగింది. ఇంకెవరికీ తెలియదు కదా, మీరిద్దరూ ఎలా పాడేవారో అని. అమ్మకు మాత్రం ఫోన్‌లో అంతా చెప్పాను. మీ ఉత్తరం కూడా చదివాను. అమ్మ అప్పుడు ఏడ్చింది, గట్టిగా. ఈసారి ఎవరూ వద్దనలేదు.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే. ఆ రోజు మీ ఇంట్లో ఏం వినపడిందో మీకు తెలియదు. నేనొక్కదాన్నే విన్నాను. కాబట్టి రాయాలి.

నేను మీటను నలభై అయిదుకు జరిపి ముల్లు పెట్టాను. మీరు ప్లేయర్‌కు ఎదురుగా, నేలమీద కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ముందు మీ గొంతే వచ్చింది, వయసులో ఉన్న గొంతు. తర్వాత అమ్మమ్మ అందుకుంది. నేను చెయ్యి ఎత్తి, మొదలైందని సైగ చేశాను. మీరు తలూపారు. చాలాసేపు రికార్డు తిరగడం చూస్తూ ఉన్నారు, అంతే. మీరు పాడరేమో అనుకున్నాను.

మీరు ఎత్తుకున్నప్పుడు ఆ గొంతు మీదని నాకు తెలియలేదు. తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. శ్రుతిలో లేదు. అబద్ధం చెప్పను, ఎక్కడా లేదు. రికార్డులో అవ్వను పిలుస్తుంటే మీరు చెల్లెను పిలిచారు. "నువ్వు అడగకపోతివే చెల్లె... నేను చెప్పకపోతినే చెల్లె... అవ్వను అమ్మలేదే చెల్లె... నీళ్లల్ల దాచి పెడితినే..." ఆ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పారు, ఒక్క ముక్క వదల్లేదు. అమ్మమ్మ గొంతు ఆగినచోట మీరు అందుకున్నారు. వినపడకుండా ఎలా అందుకున్నారో నాకు తెలియదు. ఒకచోట రికార్డులో అమ్మమ్మ "అక్కా" అంటుంది. పాటలో కాదు, మామూలుగా, పక్కనున్న మనిషిని పిలిచినట్టు. సరిగ్గా ఆ తర్వాతే మీరు ఏడ్చారు.

మధ్యలో డోర్ బెల్ మోగింది. కింది ఇంటి ఆవిడ. చప్పుడు ఎక్కువైందని చెప్పడానికి వచ్చినట్టుంది. తలుపు తీసి, "ఆవిడ చెల్లెలు పోయింది" అన్నాను.  ఆమె మాస్కు సర్దుకుని, మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడింది. అయిపోయేదాకా అక్కడే ఉంది.

రికార్డు అయిపోయాక కూడా మీరు ఆపలేదు. రెండో గొంతు లేకుండా మీరొక్కరే పాడుతుంటే నాకు భయం వేసింది. నాకు శోకం పెట్టడం రాదు, ఎవరూ నేర్పలేదు. అయినా వచ్చి మీ వెనక కూర్చున్నాను. మీరు "చెల్లె" అని ఆగిన ప్రతిసారీ నేను "అమ్మమ్మా" అని అందుకున్నాను. మొదట చిన్నగా, తర్వాత గట్టిగా. మీరు తిరిగి చూడలేదు. నేను పాడినట్టు మీకు తెలియదు.

పాడాను పెద్దమ్మమ్మా. చివరిదాకా పాడాను.

మీ
అనూహ్య